వరి రబీ పంట అని రాస్తే సున్నా వేశాను: నెల్లూరు డెల్టాలో ఒక సోషల్ పాఠం

2024 అక్టోబరు. దసరా సెలవులు అయి బడి తెరిచీ తెరవకముందే వాయుగుండం వచ్చింది, మళ్లీ సెలవులిచ్చారు. వానలు తెరిపిచ్చాక పదో తరగతికి భూగోళంలో 'వ్యవసాయం' పాఠం మీద స్లిప్ టెస్టు పెట్టాను. పది ప్రశ్నలు, పది మార్కులు. నాలుగో ప్రశ్న: వరి ఏ కాలపు పంట? 38 మంది రాశారు. 27 మంది ఖరీఫ్ అన్నారు, 11 మంది రబీ అన్నారు. ఆ పదకొండు మందికీ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పేపర్లు పంచేశాను.

ఇంటర్వెల్లో ఒక అమ్మాయి స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడింది. క్లాసులో అడిగితే తప్ప నోరు విప్పని పిల్ల. పేపరు చేతిలోనే ఉంది.

"సార్, మా నాయన నిన్ననే నారు పోసినాడు. ఇప్పుడు అక్టోబరు గదా సార్. అక్టోబరు నించి డిసెంబరు లోపల వేస్తే రబీ అని మీరే చెప్పినారు."

పుస్తకం తీశాను. ఆ పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. రబీ పంటలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య విత్తుతారని నిర్వచనం ఉంది. దాని పక్కనే పంటల జాబితా: రబీ కింద గోధుమ, బార్లీ, బఠాణీ, శనగ, ఆవాలు, ఖరీఫ్ కింద మొదటి పేరే వరి. ఆ పిల్ల నిర్వచనం చదివి జవాబు రాసింది. నేను జాబితా చూసి దిద్దాను. ఈ రెంటికీ మా ఊళ్లో పొత్తు కుదరదన్న సంగతి పాఠం చెప్పిన మూడు రోజుల్లో నాకొక్కసారి కూడా తట్టలేదు.

తట్టకపోవడానికి ఒక కారణం ఉంది, సాకు అనుకున్నా సరే. మాది కనిగిరి వైపు. కంది, పొగాకు, మేకలు, ఫ్లోరైడు నీళ్లు తెలుసు. వరి మడి అంటే మాకు ఎక్కడో చెరువు కింద కనిపించే వింత. బదిలీ మీద పెన్నా ఆయకట్టులోని ఈ జిల్లా పరిషత్ హైస్కూలుకి సోషల్ స్కూల్ అసిస్టెంటుగా వచ్చి అప్పటికి ఏడాదిన్నర కూడా కాలేదు. బడి ప్రహరీ దాటితే కనుచూపు మేరా కయ్యలే, అంటే వరి మళ్లే. వాటిని రోజూ బస్సు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను, క్యాలెండరుతో కలిపి చూడలేదు. (1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కనిగిరి నెల్లూరు జిల్లాలోదే. ఒకే జిల్లాగా ఉన్న రోజుల్లోనూ మెట్టకూ డెల్టాకూ ఇంతే దూరం ఉండుంటుంది.)

పుస్తకం సంగతి కూడా చెప్పాలి. మన రాష్ట్రంలో జాతీయ స్థాయి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ తరగతి తరవాత తరగతిగా ఎక్కుతూ వచ్చి 2024-25లో పదికి చేరింది. 2025 మార్చి పబ్లిక్ పరీక్షలు ఆ పుస్తకాల మీద జరిగిన మొదటివి. ఒక పేజీలో ఇంగ్లిషు, ఎదురు పేజీలో తెలుగు. పుస్తకం మారినప్పుడు మా సోషల్ వాళ్లలో వినబడిన మొదటి మాట, "అంతా ఉత్తరాది గోలే" అని. అది పూర్తి న్యాయం కాదు. పాత రాష్ట్ర పుస్తకంలో పదో తరగతికి ఉన్న గ్రామ ఆర్థిక వ్యవస్థ పాఠం రాంపురం, అదీ పశ్చిమ ఉత్తరప్రదేశ్ ఊరే. ఇప్పుడు తొమ్మిదిలో ఉన్న పాలంపూర్ కూడా ఆ వైపుదే. కాబట్టి గోధుమ, చెరకు మన పిల్లలకు కొత్తగా వచ్చి పడ్డవి కావు. కొత్తగా వచ్చిందల్లా, ఈసారి పబ్లిక్ పేపరు ఎలా ఉంటుందో ఎవరికీ తెలియకపోవడం. ఆ టెన్షన్‌లో నేనూ జాబితాలు బట్టీ పట్టించే పనిలో పడ్డాను.

ఆ అమ్మాయికి అప్పటికప్పుడు మార్కు వేసి పంపేయొచ్చు. వేయలేదు. "రేపు క్లాసులో తేలుద్దాం" అన్నాను. మొహం చిన్నబుచ్చుకుని వెళ్లింది. అప్పుడే వేసి ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

మర్నాడు బోర్డు మీద రెండు వాక్యాలు రాశాను. పుస్తకంలోని నిర్వచనం ఒకటి, జాబితా ఒకటి. "ఈ రెండూ మన ఊరికి ఒకేసారి కుదురుతాయా?" అని అడిగాను. ఖరీఫ్ అని రాసి మార్కు తెచ్చుకున్నవాళ్లు ముందు ఒప్పుకోలేదు. వాళ్లలో సగం మంది ఇళ్లలోనూ నారుమళ్లు దున్నుతున్నారు, అయినా ఒప్పుకోలేదు. ఒకడు స్పష్టంగా చెప్పాడు: "మా ఇంట్లో వేసేది వేరే సార్, పరీక్షలో వరి వేరే." ఆ ఏడాది నేను విన్న మాటల్లో నన్ను బాగా గుచ్చింది అదే.

ఇంటిపని ఇచ్చాను. ఇంట్లో అడిగి రాసుకురండి: నారు ఏ నెలలో, నాట్లు ఏ నెలలో, కోత ఏ నెలలో, కాలవకు నీళ్లు ఎప్పుడు వదులుతారు, ఏ రకం వడ్లు, ఎకరాకు ఎన్ని పుట్లు. వెనక గోడకు నాలుగు చార్టులు అతికించి పన్నెండు నెలల గళ్లు గీశాం.

మూడు రోజుల్లో గళ్లు నిండాయి. నారు అక్టోబరు, నవంబరు. నాట్లు నవంబరు, డిసెంబరు. కోతలు మార్చిలో, కొందరివి కాస్త ముందూ వెనకా. అది పెద్ద పంట. దానికి తోడు ఎడగారు అనే రెండో పంట: ఏప్రిల్, మేలో నారు, ఆగస్టు, సెప్టెంబరులో కోత, అదీ డ్యాములో నీళ్లుంటేనే. రకాల గళ్లలో జిలకర మసూరి, నెల్లూరు మసూరి కనబడ్డాయి. ఒక పిల్లవాడి తాత మొలగొలుకులు అని రాయించాడు. అవి ఇప్పుడు వాళ్లింట్లో లేవు, తాత నోట్లో ఉన్నాయి. దిగుబడి అందరూ పుట్లలోనే తెచ్చారు. పుస్తకంలో పుట్టి లేదు. మా దగ్గర పుట్టి అంటే 850 కిలోలు. మూడున్నర పుట్లు అంటే 2,975 కిలోలు, అంటే దాదాపు 30 క్వింటాళ్లు అని బోర్డు మీద చేశాం. లెక్కల సారు కిటికీలోంచి చూసి నవ్వి పోయారు.

ఇక 'ఎందుకు' అన్నది. ఇక్కడే నాకు జాతీయ పుస్తకం పనికొచ్చింది. తొమ్మిదిలో శీతోష్ణస్థితి పాఠంలో కోరమాండల్ తీరానికి వాన ఎక్కువగా తుపానులు, వాయుగుండాల వల్ల వస్తుందని ఉంది. పిల్లలు అది చదివారు, మార్కులు కూడా తెచ్చుకున్నారు. కోరమాండల్ తీరం అంటే తాము నిలబడ్డ నేల అని మాత్రం వాళ్లకు ఎవరూ చెప్పలేదు. నేనే కదా వాళ్లకు తొమ్మిదిలో చెప్పింది, నేనూ చెప్పలేదు. నెల్లూరుకు ఏడాది మొత్తంలో వంద సెంటీమీటర్ల పైచిలుకు వాన పడితే అందులో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరులోనే. జూన్‌లో దేశమంతా రుతుపవనాల కబుర్లు చెప్పుకుంటుంటే మేం వడగాలికి తలుపులు మూసుకుని ఉంటాం.

ఈ పిల్లలకు దీనికి ఉదాహరణ వెతకక్కర్లేదు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయినప్పుడు వీళ్లు ఏడో తరగతి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు తొమ్మిది. "మీ ఇంట్లోకి నీళ్లు వచ్చిన నెలలు చెప్పండి" అంటే జూన్, జులై అన్నవాళ్లు ఒక్కరూ లేరు.

ఒక్క వానతో కథ ముగియదు. వరికి వంద సెంటీమీటర్లకు పైగా వాన కావాలని పుస్తకం అంటుంది. మాకు అంతే పడుతున్నా, అందులో ఎక్కువ భాగం మూడు నెలల్లో కుమ్మరించి పోతుంది. జనవరి, ఫిబ్రవరిలో పైరు తాగేది కాలవ నీళ్లు. కాలవ వెనక సోమశిల, 78 టీఎంసీల డ్యాము. అందులోకి వచ్చేది కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి 597 కిలోమీటర్లు నడిచి మా జిల్లాలో సముద్రంలో కలిసే పెన్నా నీళ్లు, వాటితో పాటు శ్రీశైలం నుంచి మళ్లించిన కృష్ణా నీళ్లు. పై నుంచి వరద వచ్చి డ్యాము నిండేది వానాకాలం చివర. డ్యాములో ఎంత ఉందో చూసి, జిల్లాలో నీటిపారుదల సలహా మండలి (ఐఏబీ) మీటింగ్ పెట్టి, ఎన్ని ఎకరాలకు ఇస్తారో చెప్పాకే ఆయకట్టులో నారు ధైర్యంగా పోస్తారు. అంటే మా ఊరి వరి కాలాన్ని తేల్చేది ఆకాశం, డ్యాము, మీటింగు, మూడూ కలిసి. ఇది చెప్పిన రోజు ఒక పిల్లవాడు "అయితే మద్రాసుకు పోయే నీళ్లు మనయ్యేనా సార్?" అని అడిగాడు. తెలుగుగంగ గురించి చెప్పాను: చెన్నై తాగునీటికి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు కృష్ణా వాటా నుంచి ఇవ్వాలని ఒప్పందం, ఆ నీళ్లు సోమశిల, కండలేరు మీదుగానే పోతాయి. పౌరశాస్త్రంలో 'సమాఖ్య వ్యవస్థ' పాఠం ఇంకా మొదలుపెట్టలేదు. ఆ రోజు పావు భాగం అయిపోయింది.

పుస్తకంలో ఇంకో సంగతి నేను కాదు, పిల్లలు పట్టారు. వెనక బెంచీ అబ్బాయి వరి పేరా మళ్లీ చదువుతూ ఆగాడు. అస్సాం, పశ్చిమ బెంగాల్, ఒడిశాలలో ఏడాదికి మూడు వరి పంటలు, ఔస్, అమన్, బోరో, అని ఉంది అక్కడ. "మూడూ ఖరీఫే ఎట్టయితాయి సార్?" అన్నాడు. బోరో చలికాలంలో నాటే వరి. అంటే పుస్తకం ఒక చోట పెట్టిన గిరిని తానే ఇంకో చోట దాటింది, నేను గమనించలేదు. మూడు రాష్ట్రాల పంటలకు పేర్లున్నాయి, మన ఎడగారుకు లేదు, తేడా అంతే. మన గోదావరి జిల్లాల సార్వా, దాళ్వాలకూ లేదు.

మాటల అర్థం కూడా చెప్పాను, అది బాగా పట్టింది. ఖరీఫ్, రబీ అరబీ మాటలు. ఖరీఫ్ అంటే శరత్తు, రబీ అంటే వసంతం. విత్తే కాలం మీద కాదు, చేతికొచ్చే కాలం మీద పేర్లు. మా ఊళ్లో వడ్లు ఇంటికొచ్చేది ఉగాదికి ముందూ వెనకా. ఇక రబీ కాక మరేమిటి? సున్నాలు వచ్చిన పదకొండు మంది అప్పుడు బల్లలు చరిచారు. ఆ పూటే మార్కులు సవరించాను. ఒకడు లేచి "నేను పక్కోడి పేపర్లో చూసి రాసినా సార్" అన్నాడు. వాడికీ మార్కు ఉంచేశాను.

ఇంతవరకు చదివితే అంతా సాఫీగా జరిగినట్టుంది. జరగలేదు.

ఇంటిపని ఇచ్చిన రెండో రోజు ఒక అబ్బాయి ఖాళీ కాగితం తెచ్చాడు. ఎస్టీ కాలనీ నుంచి వస్తాడు, యానాదుల కుటుంబం. "మాకు చేను లేదు సార్. నేనేం రాయాల?" అన్నాడు. నా ఆరు ప్రశ్నలూ చేను ఉన్న ఇంటి ప్రశ్నలు. లెక్క చూస్తే క్లాసులో పద్నాలుగు మందికి సొంత చేను లేదు. కొందరు పక్కింటివాళ్లది చూసి రాసుకొచ్చారు, కొందరు ఊరికే కూర్చున్నారు. దేశం పుస్తకంలో మా ఊరు లేదని నేను గొణుక్కుంటూ, నా చార్టులో వాళ్ల ఇళ్లు లేకుండా చేశాను.

చార్టు కింద ఇంకో వరుస గీశాం. దాని పేరు 'పని'. ఏ నెలలో ఇంట్లో ఎవరికి పని ఉంటుంది, ఏ నెలలో ఉండదు. ఆ అబ్బాయే ముందు నింపాడు. నవంబరు, డిసెంబరు: అమ్మ నాట్ల ముఠాలో. జనవరి, ఫిబ్రవరి గడి దగ్గర పెన్ను ఆగింది. కాసేపటికి 'తాత, ఎలుకలు' అని చిన్న అక్షరాలతో రాశాడు. చేలల్లో ఎలుకలు పట్టడానికి రైతులే పిలిచి డబ్బులిస్తారు. ఎవరో కిసుక్కున నవ్వారు. నేను ఏదో అనబోతుంటే, సున్నా గొడవ మొదలుపెట్టిన అమ్మాయే వెనక్కి తిరిగి "మా నాయన పోయిన్నెల వాళ్ల తాత కోసం రెండు సార్లు తిరిగొచ్చినాడు, రాలేదు. మా కయ్యలో కంకులన్నీ కొరికేసినాయి" అంది. నవ్వు ఆగిపోయింది. (పోయిన్నెల అంటే ఎడగారు కోతలప్పుడు.) మార్చి గడిలో వాడు 'లేదు' అని రాశాడు. కోతలు మిషన్‌తో అయిపోతున్నాయి. ఏప్రిల్ నుంచి నాన్న రొయ్యల గుంటల దగ్గర కాపలా.

రైతు పిల్లల వరుసలో మార్చి నెల నిండుగా ఉంది. పని వరుసలో అదే మార్చి ఖాళీ. ఆ రెండు గళ్లూ ఒకదాని కింద ఒకటి ఉండటం చూశాక పాలంపూర్ పాఠం వాళ్లంతట వాళ్లే గుర్తు చేసుకున్నారు. అందులో డాలా అనే భూమిలేని కూలీ ఉంటాడు, పని కోసం పోటీ వల్ల కనీస వేతనం కంటే తక్కువకే ఒప్పుకుంటాడు. పోయినేడు ఆ పాఠం చెప్పినప్పుడు నేను వేయించిన ప్రశ్న, డాలా ఎవరు? రెండు మార్కులు.

ఇంకో చిక్కు కాగితం దగ్గర వచ్చింది. రుజువుకు ఏదైనా ఉందా అని అడిగితే కొందరు రైతు సేవా కేంద్రంలో ఇచ్చిన పాత ఈ-క్రాప్ (పంట నమోదు) రసీదులు తెచ్చారు. పంట: వరి, సీజన్: రబీ అని స్పష్టంగా ఉంది. ప్రభుత్వ కాగితమే అలా అంటుంటే పుస్తకం జాబితా ఏం చేస్తుంది అని పిల్లలు సంబరపడ్డారు. ఒకమ్మాయి రసీదులో మాత్రం పేరు వాళ్ల నాన్నది కాదు, భూమి యజమానిది. కౌలు. కౌలు రైతులకు కార్డు ఇవ్వడానికి 2019లో చట్టం వచ్చింది, కానీ యజమాని సంతకం పెట్టాలి. ఆ రసీదును గోడకు అతికించొద్దు అని ఆ అమ్మాయి మెల్లగా చెప్పింది. మడిచి ఇచ్చేశాను. ఇంటి కాగితాలు తెమ్మని పిల్లలను అడగడం తప్పు, మళ్లీ అడగలేదు.

ఇదంతా తొమ్మిది పీరియడ్లు తిన్నది. వ్యవసాయం పాఠానికి నేను వేసుకున్నవి ఐదు. కాలవ తూము దగ్గరకు తీసుకెళ్లాలనుకున్న రోజు వాన. హెచ్ఎం గారు సిలబస్ రిజిస్టరు చూసి ఏమీ అనకుండా నా వైపు చూశారు, అది చాలు. మ్యాప్ పాయింటింగ్ వెనకబడింది. సోషల్‌లో తేలిగ్గా మార్కులొచ్చే చోటు అదే, అందుకని జనవరిలో ఉదయం స్పెషల్ క్లాసుల్లో ఉరుకులు పెట్టాల్సి వచ్చింది.

స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో ఈ సంగతి చెప్పినప్పుడు ఒక సీనియర్ మేడమ్ సూటిగా అడిగారు: "ఒక్క మార్కు ప్రశ్నల్లో వరి ఏ పంట అని వస్తే మీవాళ్లు ఏం పెడతారు? పిల్లల్ని కన్‌ఫ్యూజ్ చేశారు కదా." ఆమె భయం ఉత్తది కాదు. పేపరు దిద్దేది ఎక్కడో వేరే జిల్లాలో, కీ పేపరు చేతిలో పట్టుకుని. సవరించిన మార్కు నా రిజిస్టరులో చెల్లుతుంది, అక్కడ చెల్లదు. అందుకే క్లాసులో ఒప్పందం చేసుకున్నాం: ఒక్క మార్కు ప్రశ్నకు పుస్తకంలోని జాబితా. నాలుగు, ఎనిమిది మార్కుల జవాబులో మాత్రం పుస్తకం చెప్పింది రాసి, కింద ఒక వాక్యం: నెల్లూరు డెల్టాలో ప్రధాన వరి పంట రబీలో, కారణం ఈశాన్య రుతుపవనాలు, సోమశిల నీళ్లు. ఇది రాజీ అని నాకు తెలుసు. పిల్లలకూ తెలుసు. ఆ అమ్మాయి "అంటే ఒక మార్కుకు అబద్ధం రాయాల్నా సార్?" అంది. "దేశం మొత్తానికి సగటు జవాబు రాయాలి" అన్నాను. తను ఒప్పుకున్నట్టు తల ఊపలేదు.

డిసెంబరులో అదే పాఠం మీద మళ్లీ టెస్టు పెట్టాను. ఈసారి జాబితా అడగలేదు. "ఒక పంట ఖరీఫో రబీయో ఎలా తేలుస్తారు? మీకు తెలిసిన పంటతో రాయండి" అని అడిగాను. 38లో 24 మంది కారణంతో రాశారు. ఐదుగురు ఆరుగురు నా మాటలే తు.చ. తప్పకుండా అప్పజెప్పారు, అదీ బట్టీయే. ముగ్గురు అంతకుముందు సరిగ్గా రాసి, ఈసారి రెండూ కలిపేసి గందరగోళం చేశారు. మేడమ్ చెప్పిన కన్‌ఫ్యూజన్ వీళ్లది. వాళ్లను విడిగా కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది. పని వరుస నింపిన అబ్బాయి పంటకు బదులు రొయ్యల గురించి రాశాడు: ఏడాది పొడుగునా ఉండేదాన్ని ఏ కాలం కింద వేయాలి అని ప్రశ్నతో ముగించాడు. పూర్తి మార్కులు వేశాను.

ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల ముందుమాటలో 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం గురించి ఉంటుంది: బడిలో చదువును బడి బయటి బతుకుతో కలపాలని. ఎవరం చదవం ఆ పేజీ. నేనూ ఈ గొడవ అయ్యాకే చదివాను.

తర్వాతి ఏడాది నుంచి చిన్న మార్పులు చేసుకున్నాను. వ్యవసాయం పాఠాన్ని అక్టోబరు చివరికి జరిపాను, నారుమళ్లు కిటికీలోంచి కనబడేటప్పుడు. ఇంటిపని ప్రశ్నల్లో మొదటిది 'మీ ఇంట్లో ఏ నెలలో ఎవరు ఏం పని చేస్తారు?' చేను ప్రశ్న రెండోది, ఉన్నవాళ్లకే. రసీదులు, పాసు పుస్తకాలు అడగను. వాన లెక్కలు తహసీల్దారు ఆఫీసులో నేనే తెచ్చుకుంటాను. ఐదు పీరియడ్లు దాటనివ్వను, ఆరో రోజు మ్యాప్.

పాత చార్టు ఇంకా వెనక గోడ మీదే ఉంది, ఒక మూల వానకు తడిసి ఉబ్బింది. ఖరీఫ్‌కు ఆకుపచ్చ, రబీకి పసుపు అని రంగులు వేశాం. ఎడగారు దగ్గర మాత్రం పిల్లలకు కుదరలేదు. విత్తేది రుతుపవనాలు రాకముందు ఎండాకాలంలో, కోసేది ఖరీఫ్ కోతల వేళకు కాస్త ముందే. వ్యవసాయ శాఖ వాళ్లు ముందస్తు ఖరీఫ్ అంటారని చెప్పాను. సగం మంది ఆకుపచ్చ అన్నారు, సగం మంది జాయెద్ (రబీకీ ఖరీఫ్‌కూ మధ్య వేసవి పంటకాలం) అన్నారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఆ గళ్లను పెన్సిలుతో గీతలు గీసి వదిలేశారు. ఈ ఏడాది పిల్లలు కూడా ఇంకా రంగు వేయలేదు.